గేట్ల మీది పేర్లు

గోర్నా లివాడా పేటలో ఇంటి నంబర్లు వెతుక్కోవడం కంటే చనిపోయినవాళ్ళ పేర్లు చదువుకుంటూ నడవడం సులువు. నంబరు పలకలు సగం ఇళ్ళకు ఎప్పుడో రాలిపోయాయి. శ్రద్ధాంజలి కాగితం లేని గేటు మాత్రం అరుదు. మనిషి పోయిన నలభై రోజులకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి, ఆ తర్వాత ఏటేటా. చుట్టూ నల్ల అంచు, మధ్యలో ఫొటో, అడుగున కుటుంబ సభ్యుల పేర్లు. వానకు ఒకటి చీకిపోతే దాని మీదే ఇంకొకటి అంటిస్తారు.

వెలీనా మెడలో అట్ట, అట్ట మీద పటం, చేతిలో రంగు పెన్సిళ్ళు. నివాసానికి పసుపు, దుకాణానికి ఎరుపు, ఖాళీ జాగాకు ఆకుపచ్చ. ఇంటికెన్ని అంతస్తులో కిటికీలు చూసి లెక్కపెట్టి మూలన అంకె వేయాలి. రాజధాని సోఫియాలోని యూనివర్సిటీలో నగర, ప్రాంతీయ ప్రణాళిక చదువుతున్న మూడో ఏడు పిల్లలకు ఆ సెమిస్టరులో అదే పని. ఏదైనా పేటకు వచ్చిన కొత్త ప్రణాళికను తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి చూసి, అది బాగుందో లేదో నివేదిక రాయాలి. వెలీనాకు, ఆమె జోడీ అసేన్‌కు నగరం అంచున కొండ కింద ఉన్న ఈ పేట వచ్చింది. నలభైమూడు ఇళ్ళు, ఒకటే వంకర సందు.

ప్రణాళిక సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కొండ వాలులో లేస్తున్న కొత్త అపార్టుమెంట్లకు దారి కావాలి. సందు వంకర కాబట్టి సందులో పడదు. ఇళ్ళ వెనక తోటల మీదుగా పద్నాలుగు మీటర్ల రోడ్డు గీశారు. కాగితం మీద స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. దాని కింద వాల్‌నట్ చెట్లు, క్యాబేజీ మడులు, రెండు బావులు, ఒక కోళ్ళగూడు పోతాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి నెల గడువు. సగానికి పైగా ఇళ్ళవాళ్ళు కాదంటే, అంటే కనీసం ఇరవైరెండు ఇళ్ళు అభ్యంతరం రాస్తే, కమిటీ పటాన్ని వెనక్కి పంపి మళ్ళీ గీయమంటుంది. అంతకు తగ్గితే రోడ్డు ఖాయం.

వెలీనా ఈ చదువులోకి ఊరికే రాలేదు. ఆమెకు పదేళ్ళప్పుడు వాళ్ళ అపార్టుమెంటు మెట్ల దగ్గరికి ఎవరో వచ్చి, కింద పార్కు కడతామని ఆకుపచ్చ పటం చూపించి సంతకం పెట్టమన్నారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వాళ్ళమ్మ చదవకుండానే పెట్టేసింది. పార్కు రాలేదు, ఎనిమిదంతస్తుల భవనం వచ్చింది. ఆనాటి నుంచి వెలీనాకు పటం కంటే ముందు పటం కింది సంతకాల మీదికే కన్ను పోతుంది. క్లాసులో అందరూ ఆమెను ప్రాసిక్యూటర్ అంటారు.

"ప్రాసిక్యూటర్ గారూ, ఆ కోడి వంక అంత అనుమానంగా చూడకండి. అది నేరం ఒప్పేసుకుంటుంది," అన్నాడు అసేన్ సందు అవతలి వైపు నుంచి.

"నోర్మూసుకుని అంతస్తులు లెక్కపెట్టు."

నీలం గేటు ముందు బల్ల మీద ముగ్గురు ముసలివాళ్ళు కూర్చుని కాల్చిన మిరపకాయల తొక్క తీస్తున్నారు. వీధంతా ఆ మాడు వాసనే. నడుమ కూర్చున్నావిడ స్టాన్కా. నడుం వంగినా చూపు మాత్రం వంగలేదు.

"ఎవరే నువ్వు? పన్ను ఆఫీసు పిల్లవా?"

"కాదవ్వా. యూనివర్సిటీ. ఇళ్ళు రాసుకుంటున్నాం."

"ఇళ్ళు రాసుకోవడమేంటే? రాసుకోకపోతే పారిపోతాయా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. వెలీనా కూడా నవ్వి, మాటలో మాటగా, "ఈ ఇల్లు ఎవరి పేరు మీదుందవ్వా?" అని అడిగింది.

నవ్వులు ఆగిపోయాయి. మిరపకాయల మీది చేతులూ ఆగిపోయాయి.

"ఎవరి పేరు మీదుంటే నీకెందుకు? మీ ఇల్లు ఎవరి పేరు మీదుందని నేనడిగానా?" అంది స్టాన్కా. అని, ఆ పిల్లను వట్టి చేతులతో పంపడం ఇష్టం లేక ఒడిలోంచి జామకాయలా పసుపుపచ్చగా ఉన్న ఒక సీమదానిమ్మకాయ తీసి అట్ట మీద పెట్టింది. "తీసుకో. పచ్చిగా తినకు, వగరు. ఇక పో."

చివరి గేటు దగ్గర పొడుగాటి ముసలాయన నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మెతోది. చంకలో నీలం ఫైలు. వెలీనా దగ్గరికి రాగానే దాన్ని కోటు లోపలికి దోపేసుకున్నాడు.

"తాతా, అది అభ్యంతరాల జాబితాయేనా? ఒక్కసారి చూపిస్తారా?"

"ముందు పటాలు గీసేవాళ్ళొస్తారు. వాళ్ళ వెనకాల బుల్డోజర్లొస్తాయి. ఇదివరకూ చూశాను."

"మేం మీ వైపే."

"ప్రతివాడూ మా వైపే అంటాడమ్మా. వాడు నిలబడేది మాత్రం ఎప్పుడూ బుల్డోజరు వైపే." ఆయన గేటు వేసేశాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ ఫైలు దాచుకోవడమేమిటి? వెలీనా మనసులో మొదటి ముల్లు అప్పుడే గుచ్చుకుంది. రెండోది బస్టాపు దగ్గర. ఆ కొత్త అపార్టుమెంట్ల బిల్డరు కంపెనీ కోటు వేసుకున్న కుర్ర సర్వేయరు కారాపి కిటికీలోంచి మెతోదికి పొడుగాటి కాగితపు చుట్ట ఒకటి అందించడం, ఆయన దాన్ని చంకలో పెట్టుకుని చుట్టూ చూడడం ఆమె కళ్ళారా చూసింది.

"చూశావా?" అంది అసేన్‌తో.

"చూశాను. ముసలాయనకు ఎవరో ఏదో ఇచ్చారు. మనకు బస్సొచ్చింది. ఎక్కు."

* * *

అభ్యంతరాల జాబితా నకలు వారం తర్వాత గురువారం నాడు వాళ్ళ విభాగానికి వచ్చింది. విద్యార్థుల నివేదిక కూడా బహిరంగ చర్చలో చదువుతారు కాబట్టి మునిసిపల్ ఆఫీసు అన్ని కాగితాలూ పంపుతుంది. మొత్తం ముప్ఫైఒక్క పేర్లు, ముప్ఫైఒక్క సంతకాలు. పక్కన ఇంటి నంబర్లు.

అసేన్ వేళ్ళు విరుచుకున్నాడు. "ముప్ఫైఒకటి! ఇరవైరెండు చాలు. రోడ్డు పని అయిపోయింది. పద, కాఫీ తాగుదాం."

వెలీనా లేవలేదు. అయిదో పేరు దగ్గర ఆగిపోయింది. హ్రిస్తో బలబానోవ్. ఎక్కడ చూసింది ఈ పేరు? మీసాలు, పక్కకు దువ్విన జుట్టు... నీలం గేటు. స్టాన్కా అవ్వ వెనక నల్ల అంచులో, "మనల్ని విడిచి ఏడేళ్ళు."

సర్వేలో ప్రతి గేటుకూ ఫొటో తీయడం వాళ్ళ పద్ధతి. ఫోన్లో ఒక్కొక్కటే పెద్దది చేసి చూసింది. తొమ్మిదో పేరు, పోయి మూడేళ్ళు. పన్నెండోది, పదకొండేళ్ళు. సాయంత్రానికి లెక్క తేలింది. ముప్ఫైఒక్క మందిలో పద్నాలుగు మంది గేట్ల మీద నల్ల అంచుల్లో ఉన్నారు.

"స్మశానం నుంచి వచ్చి సంతకాలు పెట్టారన్నమాట," అంది.

అసేన్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఆ సంతకాలు దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి కూడా. ఆ గుండ్రటి అక్షరాలు చూడు."

"ఒకే చెయ్యి."

"ఎవరిదంటావ్?"

వెలీనా చివరి పేరు మీద వేలు పెట్టింది. ముప్ఫైఒకటి, నెవేనా తోషెవా. మెతోది ఇంటి నంబరు. ఆ గేటు ఫొటోలో నెవేనా తలగుడ్డ కట్టుకుని నవ్వుతోంది, పోయి నాలుగేళ్ళు. జాబితా పట్టుకుని తిరిగిన మెతోది పేరు మాత్రం జాబితాలో ఎక్కడా లేదు.

"సొంత పెళ్ళాన్ని కూడా వదల్లేదు. తన సంతకం మాత్రం పెట్టకుండా జాగ్రత్తపడ్డాడు," అంది.

"కానీ ఎందుకూ? రోడ్డు వద్దని దొంగ సంతకాలు పెడితే ఆయనకేం వస్తుంది?"

"ఆలోచించు. చర్చ రోజున బిల్డరు లాయరు లేచి, ఇందులో పద్నాలుగు మంది చచ్చినవాళ్ళు అంటాడు. మిగిలేది పదిహేడు. ఇరవైరెండు కావాలి. లోపల పురుగు పెట్టి పండు ఇచ్చారు. బస్టాపు దగ్గర కాగితాల చుట్ట ఇచ్చింది మరి దేనికనుకుంటున్నావ్?"

ఇది వినడానికి ఎంత బాగుందంటే అసేన్‌కు కూడా ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు ఆమె తమకు ఈ పని అప్పగించిన గేచెవ్ సార్ గదికి వెళ్ళింది. సార్‌కు యాభై దాటాయి. బూడిదరంగు స్వెట్టరు, మూడు కళ్ళద్దాల జతలు, ఏది ఎక్కడ పెట్టాడో తెలియదు. పాఠం చెప్పడంతోపాటు ఊళ్ళో సొంతంగా పటాలు గీసే ఆఫీసు కూడా ఉంది. ఆమె గేటు ఫొటోలూ సంతకాలూ పక్కపక్కన పెట్టి ముద్రించిన పేజీలు బల్ల మీద పరిచింది. ఆయన వాటిని చాలాసేపు చూశాడు.

"వీళ్ళను అడిగావా?"

"ఎవర్ని సార్? చచ్చినవాళ్ళనా?"

"ఆ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళను."

"వాళ్ళు గేటే తీయరు సార్. తీసినా నిజం చెప్తారా?"

"తొందరపడకు. వచ్చే వారం మాట్లాడుకుందాం. ఈలోపు ఇది బయటికి పోనివ్వకు."

తలుపు దగ్గర వెనక్కి తిరిగినప్పుడు ఆయన వెనక గోడ మీద వచ్చే ఏడాది క్యాలెండరు కనిపించింది. గాజు భవనాల బొమ్మ, అడుగున ఆ బిల్డరు కంపెనీ పేరు. అదే కంపెనీ. తొందరపడకు, బయటికి పోనివ్వకు! ఇంకా ఎంత చెప్పాలి?

శని, ఆదివారాలు నిద్ర పట్టలేదు. సోమవారం పొద్దున్నే, అసేన్‌కు కూడా చెప్పకుండా, మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి ఫొటోలతో సహా ఫిర్యాదు ఇచ్చేసింది. కింద తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. కౌంటరులో గుమాస్తా ఆవిడ కళ్ళద్దాల మీద నుంచి చూసి, ముద్ర కొట్టి, నంబరు వేసి రసీదు ఇచ్చింది. మెట్లు దిగుతుంటే వెలీనాకు చిన్నప్పటి ఆ పాలు పొంగిన రోజుకు ఇన్నాళ్ళకు బదులు తీర్చినట్టనిపించింది.

* * *

బుధవారం గేచెవ్ సార్ పిల్లలు పటాలు గీసే స్టూడియోలోకి వచ్చి అందరి ముందూ ఏమీ అనలేదు. ఆమె బల్ల పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మునిసిపల్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నీ ఫిర్యాదు మీద జాబితా సరిచూశారట. చనిపోయినవాళ్ళ పేర్లు కొట్టేశారు. ఇప్పుడు లెక్కలో ఉన్నవి పదిహేడు. గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటికి."

"అంటే నేను చెప్పింది నిజమే కదా సార్."

"పద్నాలుగు మంది చనిపోయారన్నది నిజం. మిగతాదంతా నువ్వు కట్టిన ఇల్లు, వెలీనా." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "పటాన్ని అడిగావు. గేట్లను అడిగావు. ఇంకెవరు మిగిలారు?"

"మీ గోడ మీద ఆ కంపెనీ క్యాలెండరు ఉంది," అనేసింది.

ఆయన ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. "అదా? మా వాచ్‌మన్ తగిలించాడు. వాళ్ళు ఈ నెలలో సగం సోఫియాకు పంచారు. మీ అమ్మ వంటింట్లో చూసుకో."

ఆ మాట నిజమో కాదో తేల్చుకోకుండానే ఆమె బస్సెక్కింది.

నీలం గేటు ముందు బల్ల ఖాళీగా ఉంది. లోపలికి పిలిచింది స్టాన్కా. చెప్పులు విప్పించి, ఎవరివో పెద్ద ఉన్ని చెప్పులు ముందు పెట్టింది. వంటింట్లో సీసాల వరస, ఎర్రగా మిరపకాయల పచ్చడి. ఆ సీసాల పైన గోడకు అదే క్యాలెండరు, గాజు భవనాలు.

వెలీనా దాన్నే చూస్తూ నిలబడింది. "ఇది ఎక్కడిదవ్వా?"

"మెతోది తెచ్చిచ్చాడు. రోడ్డు వేసే వెధవలు ఊరికే ఇచ్చారట. వాళ్ళ రోడ్డు వద్దు గానీ క్యాలెండరేం పాపం చేసింది? అంకెలు పెద్దవి, నాకు కనబడతాయి. కూర్చో."

చుట్టగా చుట్టి చంకలో పెట్టుకున్నది ఇదే. వెలీనా కూర్చుంది.

"అవ్వా, ఆ జాబితాలో హ్రిస్తో తాత సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఆయన పోయి ఏడేళ్ళయింది కదా."

"ఏడేళ్ళ మూడు నెలలు."

"మరి ఆయన పేరెందుకు పెట్టావు?"

స్టాన్కా ఆమె వంక తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూసింది. "ఇల్లు ఆయనదిగా! దస్తావేజు ఆయన పేరు మీదుంది, పన్ను కాగితం ఆయన పేరు మీదొస్తుంది, కరెంటు బిల్లు ఆయనదే. పోస్టుమన్ వచ్చి బలబానోవ్ అంటాడు, నేను బలబానోవ్ అని పెడతాను. ఇల్లు పోతుందంటే ఇంటాయన కాక నేనెవర్ని సంతకం పెట్టడానికి? పెళ్ళయి ఈ గుమ్మంలోకి వచ్చినదాన్ని. అత్తగారు బతికున్నన్నాళ్ళూ పొయ్యి దగ్గర నా గరిటె ఎక్కడుండాలో కూడా ఆవిడే చెప్పేది."

"మిగతావాళ్ళు కూడా...?"

"అందరం ఆ బల్ల మీదే కూర్చుని పెట్టాం. పెన్ను ఒక్కటే, చేతులు మార్చుకున్నాం."

"కానీ చేతిరాతంతా ఒకేలా ఉంది."

"ఉండదూ? ఇక్కడి బడిలో మా అందరికీ అక్షరాలు దిద్దించింది ఒకే పంతులమ్మ. సున్నా గుండ్రంగా రాకపోతే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది. ఇప్పటికీ చెయ్యి వంకర పోదు." స్టాన్కా చేతివేళ్ళు చాపి చూసుకుంది, అక్కడ ఇంకా దెబ్బ ఉన్నట్టు.

"మెతోది తాత తన పేరు పెట్టకుండా..."

"ఆయన ఇల్లరికం వచ్చినవాడమ్మా. ఆ ఇల్లు నెవేనా నాన్నది. నలభైఅయిదేళ్ళు ఈ సందంతా ఇల్లరికపు అల్లుడని ఏడిపించింది. నేనూ ఏడిపించాను, అబద్ధమెందుకు! ఆ ఫైలు ఎవరికీ చూపించడు. తన పేరుండాల్సిన చోట పెళ్ళాం పేరుందని మళ్ళీ ఎవరు నవ్వుతారోనని ఆయన భయం."

వెలీనా అప్పుడు చెప్పింది. ఫిర్యాదు ఎవరిచ్చారో, ఎన్ని పేర్లు కొట్టేశారో, ఎన్ని మిగిలాయో, శుక్రవారం అయిదింటి గడువు సంగతి. ఏదీ మెత్తన చేసి చెప్పలేదు. చెప్తున్నంతసేపూ స్టాన్కా గుడ్డతో ఒకే సీసా తుడుస్తూ ఉంది.

"అయితే మా పేర్లు కొట్టేయించింది నువ్వా?" అంది చివరికి.

"నేనే అవ్వా."

"సీమదానిమ్మకాయ ఇచ్చానే నీకు!"

వెలీనా తల వంచుకుని ఆ పెద్ద ఉన్ని చెప్పులు చూసుకుంది. హ్రిస్తోవి కాబోలు.

* * *

గురువారం అసేన్ కూడా వచ్చాడు. తనకు చెప్పకుండా ఫిర్యాదు ఇచ్చినందుకు బస్సులో సగం దారి మాట్లాడలేదు. మిగతా సగం తిడుతూనే ఉన్నాడు. అయినా సంచిలో గేటు ఫొటోలన్నీ మళ్ళీ ముద్రించి తెచ్చాడు. ఆ కాగితాలు అతని చేతిలో చూస్తుండగానే వెలీనాకు ఆ సంగతి తట్టింది. ప్రతి శ్రద్ధాంజలి అడుగునా, "దుఃఖంలో: భార్య స్టాన్కా, కొడుకులు, మనవలు" అన్నట్టు ఆ ఇంట్లోవాళ్ళ పేర్లు ఉన్నాయి. పేరు చచ్చిపోయిందని చూపించడానికి తను తెచ్చిన కాగితమే, బతికున్నదెవరో కూడా చెబుతోంది. అప్పుడు పై సగమే చదివింది.

కొత్త కాగితం రాశారు. ప్రతి వరసలో మొదట ఇంటి యజమాని పేరు, ఎప్పుడు పోయారు, తర్వాత వారసుల్లో ఇంట్లో ఉంటున్నదెవరు, సంతకం. పక్కన ఫొటో. ఏ ఇంట్లోనూ పని సులువుగా కాలేదు. ఒకావిడ గొలుసు తీయకుండా తలుపు సందులోంచే మాట్లాడింది.

"మొన్న చచ్చిపోయారన్నావు. ఇవాళ సంతకం పెట్టమంటున్నావు. రేపేమంటావు?"

ఇంకొకావిడ కళ్ళద్దాలు తెచ్చుకుని మూడుసార్లు చదివింది. "నా పేరు పెడితే ఇల్లు నా పేరు మీదికి మారిపోయి పన్ను పెరుగుతుందేమో!" అంది. మూడో ఇంట్లో కుక్క అసేన్ ప్యాంటు పట్టుకుంది, ఆ ఇంటావిడ విడిపించడానికి తొందరపడలేదు.

సాయంత్రానికి మూడు సంతకాలే వచ్చాయి. స్టాన్కా అంతసేపూ తన బల్ల మీద కూర్చుని చూస్తోంది. లేచి వచ్చి కాగితం లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో మెల్లగా రాసింది. స్టాన్కా బలబానోవా. రాసిన తర్వాత దూరంగా పెట్టి చూసుకుంది.

"బాగానే వచ్చింది," అంది. "పదవే. నేనొస్తాను. నిన్ను నమ్మి ఎవరూ పెట్టరు. నాకూ నమ్మకం లేదనుకో. కానీ నా వాల్‌నట్ చెట్టు మీద నుంచి లారీలు పోవడం ఇంకా ఇష్టం లేదు."

శుక్రవారం మధ్యాహ్నానికి పన్నెండయ్యాయి. ఒకావిడ కూతురి దగ్గరికి సముద్రం వైపు వెళ్ళిపోయింది, దొరకలేదు. పదిహేడూ పన్నెండూ ఇరవైతొమ్మిది. లెక్క దాటింది. కానీ మొదటి జాబితా ఇచ్చినవాడు మెతోది. ఈ కొత్త కాగితం దానికి కొనసాగింపు అని ఆయన రాయకపోతే తీసుకోనని గుమాస్తా ఆవిడ ఫోన్లో చెప్పేసింది. పదిహేడు ఒకచోట, పన్నెండు ఒకచోట పడివుంటే ఏ కట్టా ఇరవైరెండు కాదు.

మూడున్నరకు చివరి గేటు తట్టారు. అసేన్‌ను, స్టాన్కాను వెనక ఉండమని వెలీనా ఒక్కతే ముందుకు వెళ్ళింది. మెతోది బయటికొచ్చి ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆయన కళ్ళు ఆమె మొహం మీద లేవు. గేటు మీద నవ్వుతున్న నెవేనా మీద ఉన్నాయి.

"నేను కంపెనీకి అమ్ముడుపోయానని రాశావట."

"అలా రాయలేదు తాతా. పేర్ల సంగతే రాశాను." ఆగి, "అనుకున్నాను మాత్రం," అంది.

"ఆ కాగితం ఇటివ్వు."

ఇచ్చింది. పన్నెండు సంతకాలున్న ఆ ఒక్క కాగితం. ఆయన తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది.

అసేన్ పరుగెత్తుకొచ్చాడు. "ఇచ్చేశావా? నకలన్నా తీశావా?"

లేదు. నకలు లేకుండా ఏ కాగితమూ చేతిలోంచి వదలని మనిషి, తీయలేదు. పొయ్యిలో పడేస్తున్నాడేమో. పొగగొట్టం వైపు చూసింది. పొగ వస్తోంది, అక్టోబరులో ఎవరి ఇంట్లో రాదు? తలుపు బాదితే? బాదితే మాత్రం ఏమవుతుంది? నాలుగూ ఇరవైకి బస్సు, దాని తర్వాతది అయిదుకు. వెలీనా గేటు పట్టుకుని నిలబడి శ్రద్ధాంజలి కాగితం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. అడుగున, దుఃఖంలో, అని ఉన్నచోట ఒక్కటే పేరు. భర్త మెతోది.

నాలుగూ పదికి తలుపు తెరుచుకుంది. ఆయన ఇస్త్రీ కోటు వేసుకుని, గడ్డం గీసుకుని ఉన్నాడు. చంకలో నీలం ఫైలు.

"నేనే తీసుకెళ్తాను," అన్నాడు. "నీ మీద నమ్మకం లేక కాదు." రెండడుగులు వేసి ఆగాడు. "నమ్మకం లేకే."

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని డ్రైవరు మలుపులు తిప్పే తీరుకు మొహం చిట్లిస్తూ పోయాడు. వెనక సీట్లో వెలీనా అట్ట మీద ఇంకో పేజీ పెట్టుకుని తన ఫిర్యాదులో జరిగిన తప్పు రాసింది. ఆఫీసుకు చేరేసరికి అయిదుకు పన్నెండు నిమిషాలుంది. గుమాస్తా ఆవిడ కాగితం చూసింది, ఇది కొనసాగింపని పైన మెతోది రాసిన వరస చూసింది, వెలీనాను చూసింది.

"సోమవారం వచ్చి వీళ్ళంతా చచ్చిపోయారన్నది నువ్వేగా?"

"నేనేనండి."

"ఇప్పుడు బతికారా?"

"వాళ్ళు కాదండి. వాళ్ళ భార్యలు. అప్పుడు అడగలేదు, అది నా తప్పు. అదీ రాశాను, చివరి పేజీ."

ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయింది. వారసత్వం పత్రాలు చర్చ రోజుకు తేవాలంది, లేకపోతే మళ్ళీ కొట్టేస్తామంది. చివరి వరస దగ్గర ఆగింది. "పదమూడోది. నెవేనా తోషెవా. వారసుడు?"

వెలీనా ఆ వరస అప్పుడే చూసింది. యజమాని పేరు పక్కన, వేళ్ళ మీద స్కేలు దెబ్బలు తినని పొడుగాటి ముక్కుసూటి అక్షరాలతో, ఆయన తన పేరు రాసుకున్నాడు.

"నేనే. మెతోది తోషెవ్. ఆవిడ భర్తను," అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు కూడా వినేంత గట్టిగా.

ముద్ర పడింది. ముప్ఫై. ఆవిడ రసీదు చింపి కౌంటరు మీద పెట్టింది. వెలీనా చెయ్యి అలవాటుగా దాని వైపు వెళ్ళింది. మెతోది అంతకు ముందే తీసుకుని, మెట్ల మీది కిటికీ వెలుతురులోకి వెళ్ళి, తేదీ, నంబరు, పేరు ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"సోమవారం నువ్విచ్చిన ఫిర్యాదు కింద నీ పేరు రాశావా, దొంగచాటుగా పడేశావా?"

"రాశాను తాతా. పూర్తి పేరు."

ఆయన రసీదును ఆమె మొహం ముందు చాపాడు, రెండు వేళ్ళతో అంచు గట్టిగా పట్టుకుని.

"చదువు. చేతికి మాత్రం ఇవ్వను."